ముసలి కుక్క ఊపిరి లెక్క

కొయ్యూరు



మన్యం ఊళ్లలో మేకల మందకూ, కోళ్ల గూటికీ, పోడు చేనుకూ ఏళ్ల తరబడి కాపలా కాసిన కుక్క, పదేళ్లు దాటాక గట్టు ఎక్కలేక దారి మధ్యలో కూలబడితే, దాన్ని ముసలితనం కింద జమకట్టి వదిలేయడం వాడుక. వయసు వల్ల నడక మందగించవచ్చు, చూపు తగ్గవచ్చు గాని, నీడన పడుకున్న కుక్క ఊపిరి కోసం డొక్కలెగరేస్తోందంటే, దాని వెనుక గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో నెత్తురులోనో ఒక కారణం ఉన్నట్టే లెక్క.

రొప్పడం వేరు, ఆయాసం వేరు. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు గనుక, ఎండలో తిరిగినప్పుడు నాలుక వేలాడేసి గబగబా గాలి ఆడిస్తూ, నోటి తడి ఆవిరయ్యే కొద్దీ ఒంటి వేడిని దింపుకుంటుంది. ఈ రొప్పు చల్లని చోట కాసేపు పడుకోగానే ఆగుతుంది. ఆయాసం చలికాలపు తెల్లవారుజామునా కనిపిస్తుంది: కుక్క మెడ ముందుకు చాచి, ముందుకాళ్ల మోచేతులు ఎడంగా పెట్టి, పడుకోబోయి మళ్లీ లేచి కూర్చుంటుంది.

పెంచేవారికి కావలసిన సాధనం ఒక గడియారం మాత్రమే. కుక్క నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి పొంగి తగ్గడాన్ని ఒక ఊపిరిగా తీసుకుని, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. కలలో కాళ్లు కొట్టుకుంటున్నప్పటి లెక్క పనికిరాదు. ఆరోగ్యం బాగున్న కుక్కకు ఈ సంఖ్య సాధారణంగా 30 దాటదు. రెండు మూడు సార్లు చూసినా 30కి పైనే ఉంటే పశువైద్యుడికి చూపించడం వాయిదా వేయకూడదు, 40 దాటితే ఆ రోజే బయలుదేరాలి. కుక్క బాగున్న రోజుల్లోనే ఈ లెక్క మొదలుపెట్టి గోడ మీద బొగ్గుతోనైనా రాసి ఉంచాలి, ఎందుకంటే ఎప్పుడూ 16 ఉండే కుక్కకు 28 కూడా పట్టించుకోవలసిన సంఖ్యే.

గుండె కవాటాలు, అంటే నెత్తురు వెనక్కి మళ్లకుండా ఆపే తలుపులు, వయసుతో మందమెక్కి సరిగా మూసుకోకపోతే, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, రాత్రివేళ దగ్గూ ఆయాసమూ మొదలవుతాయి. అయితే అడవి అంచున మేకల వెంట తిరిగే కుక్క విషయంలో గోమార్లను మరిచిపోవడం తెలివితక్కువ: వాటి కాటుతో చేరే సూక్ష్మజీవులు నెత్తుటిలోని ఎర్రకణాలను నాశనం చేస్తే, ప్రాణవాయువును మోసేవి కరువై, ఊపిరితిత్తులు చక్కగా ఉన్నా ఊపిరి వేగం పెరుగుతుంది. అందుకే పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడాలి. అవి పాలిపోతే నెత్తురు తగ్గిందని అనుమానించాలి. నీలంగానో బూడిద రంగులోనో ఉంటే, లేదా కుక్క సొమ్మసిల్లితే, తెల్లవారే దాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. స్వరపేటిక పక్షవాతం, అంటే గొంతులోని గాలిదారి తలుపులు తెరుచుకోని జబ్బు, ముసలి కుక్కల మొరుగును బొంగురు చేస్తుంది. పిచ్చికుక్క వ్యాధిలోనూ గొంతు మారుతుంది, చొంగ కారుతుంది, మింగడం కష్టమవుతుంది. కాబట్టి ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టకూడదు. చొంగ గాయానికి తగిలితే సబ్బుతో పావుగంట కడిగి, మనిషి వెంటనే ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

ఆయాసపడే కుక్క నోట్లో కషాయం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. మనుషుల నొప్పిమాత్రలు, ముఖ్యంగా ఇబుప్రొఫేన్, పారాసిటమాల్, కుక్కకు విషమయ్యే ప్రమాదం ఉంది. దాన్ని గోనెసంచిలో మూటకట్టకుండా, మూతి బిగించకుండా, గాలి తగిలేలా మోసుకుపోవాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు; కొండ మీద సిగ్నల్ అందకపోతే రోడ్డు దాకా దిగక తప్పదు. ఆసుపత్రి బల్ల మీద కుక్క బెదిరి వేగంగా ఊపిరి తీస్తుంది గనుక, ఇంటి దగ్గర అది నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో తీసిన వీడియోనూ, గోడ మీది లెక్కనూ వెంట తీసుకుపోతే వైద్యుడి పని సులువవుతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య