నల్లమల, ఎర్రమల: కోతకు నిలిచిన కొండలు

శైథిల్యం: శిల ఉన్నచోటే పగలడం. క్రమక్షయం: నీరు, గాలి దాన్ని కోసి మోసుకుపోవడం. ఈ తేడా తప్పక గుర్తుంచుకోవాలి.

నంద్యాల జిల్లా (ఏర్పాటు: 2022 ఏప్రిల్ 4): తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ లోయ. కుందూ పెన్నాకు ఉపనది.

నల్లమల: తూర్పు కనుమల్లో భాగం. కడప బేసిన్‌కు చెందిన, ముడతలు పడిన ప్రాచీన శిలలు. గట్టి క్వార్ట్‌జైట్ గుట్టగా నిలుస్తుంది, మెత్తని షేల్ అరిగి లోయవుతుంది. ఇదే భేదాత్మక క్రమక్షయం. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం వెళ్తే కళ్లారా చూడొచ్చు: పైన పొరలు పొరలుగా నిట్టనిలువు కొండచరియ, కింద భవనాశిని వాగులో దొర్లిపడ్డ బండలు.

ఎర్రమల: పొరలు దాదాపు క్షితిజ సమాంతరం, అందుకే బల్లపరుపు శిఖరాలు.

బెలూం గుహలు (ఇదే జిల్లా, కొలిమిగుండ్ల మండలం): పొడవు 3,229 మీటర్లు. సున్నపురాయి నీటిలో కరిగి ఏర్పడ్డ కార్స్ట్ భూస్వరూపం. పరీక్షలో 'జతపరచండి' ప్రశ్నగా అడిగే అవకాశం ఉంది.