సముద్రపు చేపల తొట్టికి సంపు



సంపు అంటే మనకు తెలిసింది బిల్డింగు పక్కన నేలలో కట్టే నీళ్ళ తొట్టి. సముద్రపు చేపలను పెంచే అద్దాల తొట్టికి కూడా సంపు ఉంటుంది. పెద్ద తొట్టి కింద పెట్టే ఇంకో చిన్న తొట్టే అది. పాత అద్దాల తొట్టి ఉంటే మనమే చేసుకోవచ్చును.

సంపు ఎందుకు? చేపల మలినం వల్ల నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. గెడ్డలో రాళ్ళ మీద కాలు పెడితే జారుతుంది కదా, ఆ జిగురులో కంటికి కనపడని బాక్టీరియా కూడా ఉంటుంది. అలాగే సంపులో పెరిగే బాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు అంత విషం కాదు. అయినా పేరుకుపోకుండా అప్పుడప్పుడు కొంత నీరు మార్చాలి.

సంపులో అద్దం ముక్కలు సిలికాన్ బంకతో అడ్డంగా అతికించి మూడు గదులు చెయ్యాలి.

1. మొదటి గది: పెద్ద తొట్టి పై అంచు నుంచి నీళ్ళు గొట్టంలో ఇక్కడికి దిగుతాయి. గుడ్డ సంచి చెత్తను ఆపుతుంది.

2. రెండో గది: బాక్టీరియా పెరగడానికి సెరామిక్ రింగులు వెయ్యాలి. సముద్రంలో పగడాలు ఏరి తేకూడదు. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

3. మూడో గది: మోటారు నీళ్ళను మళ్ళీ పైకి పంపుతుంది.

ఇనుము, రాగి వస్తువులు నీళ్ళకు తగలకూడదు. ఇనుము తుప్పు పడుతుంది, రాగి రొయ్యల లాంటి జీవులను చంపుతుంది.

సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి మూడో గదిలో నీరు తగ్గితే మంచినీళ్ళే పొయ్యాలి. ఉప్పు నీళ్ళు పోస్తే ఉప్పు ఎక్కువైపోద్ది.

అన్నిటికన్నా ముఖ్యం కరెంటు సంగతి. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. మోటారు ఆగితే పై తొట్టిలో అంచుకు పైనున్న నీరంతా కిందికి దిగుతుంది. పైకి పంపే గొట్టం కొస నీళ్ళలో మునిగి ఉంటే అందులోంచి కూడా నీరు వెనక్కి వస్తుంది. అందుకే ఆ గొట్టానికి నీటి మట్టానికి కొంచెం కింద చిన్న చిల్లు పెట్టాలి. గాలి దూరగానే ధార తెగిపోతుంది.

లెక్క చూడండి. పై తొట్టి పొడవు 90 సెం.మీ., వెడల్పు 45 సెం.మీ. నీరు 3 సెం.మీ. దిగితే 90 × 45 × 3 = 12,150 ఘన సెం.మీ. అంటే 12 లీటర్ల పైనే! సంపులో అంత ఖాళీ లేకపోతే ఉప్పు నీళ్ళు గదంతా పారతాయి. కరెంటు తీగల మీద పడితే మనుషులకే ప్రమాదం. అందుకని చేపలను వెయ్యకముందే మోటారు ఆపి ఒకసారి చూసుకోవాలి. స్విచ్చిబోర్డు నీళ్ళకు దూరంగా, ఎత్తులో ఉండాలి.

మా అమ్మ బడికి వెళ్ళలేదు. అయినా గెడ్డ నుంచి బిందె మోసేటప్పుడు అంచు దాకా నింపదు. సంపుకీ అదే సూత్రం. ఖాళీ వదిలితే వేస్టు కాదు.

మీకొక ప్రశ్న: సంపు పొడవు 60 సెం.మీ., వెడల్పు 30 సెం.మీ. అయితే ఆ నీరు పట్టడానికి పైన ఎంత ఎత్తు ఖాళీ ఉంచాలి? జవాబు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి.

— 9వ తరగతి విద్యార్థిని