పొగగొట్టంలో కాపలాదారు

బాలలూ! కొత్త మోటారు సైకిలు సైలెన్సరు గొట్టం ఇంజనును కలిసే చోట, వైరు తగిలించిన చిన్న బుడిపె ఒకటి కనిపిస్తుంది. అదేమిటని మెకానికును అడిగి చూశారా? దాని పేరు ఆక్సిజన్ సెన్సర్. 2020 ఏప్రిల్ తర్వాత మన దేశంలో తయారైన పెట్రోలు బండ్లలో చాలావాటికి ఇది ఉంటుంది.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తక్కువైతే విషవాయువైన కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా వస్తుంది. పాళ్ళు సరిగా ఉన్నాయో లేదో పొగను చూసి చెప్పడమే సెన్సరు పని.

ఎలా చెబుతుంది? దానిలో జిర్కోనియా అనే పింగాణీవంటి పదార్థంతో చేసిన చిన్న గొట్టం ఉంటుంది. గొట్టం లోపల బయటి గాలి, వెలుపల పొగ. రెండు వైపులా పలుచని ప్లాటినం పూత. సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన జిర్కోనియా గుండా ఆక్సిజన్ అయాన్లు కదులుతాయి. అందుకే ఆదిలాబాదు చలికాలపు ఉదయం బండి స్టార్టు చేయగానే ఇది పని మొదలుపెట్టదు, ముందు వేడెక్కాలి. పొగలో ఆక్సిజన్ దాదాపు లేకపోతే సుమారు 0.9 వోల్టులు, మిగులు ఉంటే 0.1 వోల్టు వస్తుంది. ఆ సంకేతాన్ని బట్టి బండిలోని చిన్న కంప్యూటరు పెట్రోలును తగ్గిస్తుంది, పెంచుతుంది.

ఈ కాపలాదారుకు శత్రువు సీసం. ఇంజను టకటక కొట్టకుండా పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలపవచ్చని 1921లో అమెరికాలో కనిపెట్టారు. మండిన తర్వాత సీసం ఇంజనులో పేరుకోకుండా, పొగతో బయటికి పోయేలా మరో రసాయనం కూడా కలిపేవారు. ఆ పొగలోని సీసం సెన్సరు ప్లాటినంపై పొరలా పడితే ఆక్సిజన్ సరిగా అందదు, ప్లాటినం ఉత్ప్రేరకంగా పనిచేయదు. సెన్సరు మొదట మందగిస్తుంది, తర్వాత అబద్ధం చెబుతుంది. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు కూడా ఇలాగే చెడుతుంది. అందుకే 1995లో నాలుగు మహానగరాల్లో కన్వర్టరున్న కొత్త కార్లతోపాటు సీసం లేని పెట్రోలు వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుండి అది దేశమంతటికీ వచ్చింది.

మీ వయసులో మేము కరీంనగర్ వీధుల్లో స్కూటర్ల వెనుక పరుగెత్తుతూ పీల్చింది ఆ సీసపు పొగనే. సెన్సరు చెడితే మార్చుకోవచ్చు. సీసం పిల్లల మెదడుకు చేసే హాని మాత్రం పోయేది కాదు. ఇంత సీసం ఒంట్లో చేరినా ఫరవాలేదనే హద్దు లేదు. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా కార్లకు సీసపు పెట్రోలు అమ్మకం ఆపింది. అయినా పాత బ్యాటరీలలో, పాత రంగుల పెచ్చులలో సీసం ఇంకా ఉంది. వాటితో ఆడవద్దు.

ఇప్పుడొక ప్రశ్న: జిర్కోనియా గొట్టానికి రెండు వైపులా మామూలు గాలే ఉంటే ఎన్ని వోల్టులు వస్తాయి? కారణంతో సహా నోటు పుస్తకంలో రాసి మీ మాస్టారికి చూపండి.