ఏ తెలివిని నమ్మి పని యిత్తురు?

డిగ్రీ చేతికి వచ్చిన నాటినుండి మన యువతీయువకులను వేధించు ప్రశ్న యొకటి కలదు: పదివిధములైన పనులు కొద్దికొద్దిగా తెలిసియుండుట మేలా, లేక ఒక్క పనిని ఎన్నిమారులు అప్పగించినను తప్పు రాకుండ చేయగలుగుట మేలా? తల్లిదండ్రులు మొదటిదానినే తెలివి యందురు. మా వాడికి రానిది లేదని బంధువులయెదుట చెప్పుకొనుటలోని తృప్తి రెండవదానిలో లేదు. జీతమిచ్చువాడు మాత్రము రెండవదానినే వెదకును. నా యభిప్రాయమును దాచనేల? ఈ వివాదమున నేను జీతమిచ్చువాని పక్షముననే యుందును.

బహుముఖ ప్రజ్ఞకు తెలుగునాట అవధానమును మించిన నిదర్శనము లేదు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన మొదలగువానితో పృచ్ఛకులు ఎనిమిది దిక్కులకు మనస్సును లాగుచుండగా, అప్రస్తుతప్రసంగి నడుమ నడుమ ఆటపట్టించుచుండగా, అవధాని చలింపకుండుట చూచి సభ ముగ్ధమగును. అయినను అంతవరకు పాదపాదముగా చెప్పుచు వచ్చిన పద్యములన్నిటిని కడపట అక్షరము జారకుండ ధారణచేసి యప్పగించినప్పుడుగాని అవధానము పూర్తికాదు. తిరుపతి వేంకట కవుల కాలమునందైనను నేడైనను, ధారణ తప్పిన శతావధానమును శతావధానమని యొప్పుకొను సభ యుండదు.

పోటీపరీక్షలను రూపొందించువారును ఈ మర్మము నెరిగినవారే. సివిల్ సర్వీసుల ప్రిలిమ్స్‌లో జనరల్ స్టడీస్ మొదటి పేపరు 100 ప్రశ్నలతో 200 మార్కులకుండును. తప్పు జవాబునకు ఆ ప్రశ్న మార్కులలో మూడవవంతు కోసివేయుదురు. చరిత్రమొదలు పర్యావరణమువరకు అన్నిటితో కొంత పరిచయమున్నదను ధైర్యముతో 90 ప్రశ్నలకు జవాబులు గుర్తించి, అందు 50 సరిపోయినవానికి సుమారు 73 మార్కులు దక్కగా, నమ్మకమున్న 60 మాత్రమే గుర్తించి 48 సరిపోయినవానికి 88 వచ్చును. సరియైన జవాబులు తక్కువైనవాడే ముందు నిలిచెను. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నియామకమున నిబంధన మరింత కఠినము. రాతపరీక్షలు గట్టెక్కినవారికి కంప్యూటరుమీద జరుపు ఆప్టిట్యూడ్ పరీక్షయందు ప్రతి భాగములోను వేరువేరుగా 42 టి-స్కోరు రావలెను. జ్ఞాపకశక్తిలో అసాధారణుడైనవాడు ఏకాగ్రతలోని లోటును దానితో పూడ్చుకొనుటకు వీలులేదు, ఏ వర్గమువారికిని సడలింపు లేదు. వందలకొలది ప్రయాణికులను వెనుక నుంచుకొని సిగ్నలును చూడవలసినవానికి సగటు ప్రతిభ యేమి యక్కరకు వచ్చును?

కేవలము నిలుకడయే తెలివియైనచో గోడగడియారమును మించిన మేధావి యుండడు కదా అని యెవరైన ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. దానికి సమాధానముగా నేను చూపదలచినది 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి వృత్తిజీవితము. మూడవ ప్రయత్నమునగాని మెట్రిక్యులేషను దాటని ఆయన, ఫోలిక్ ఆమ్లముమీదను, బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్‌మీదను, ఆరియోమైసిన్‌మీదను, రక్తక్యాన్సరు చికిత్సకు దారితీసిన మందులమీదను పరిశోధనలు నడపిన బహుముఖుడుగా ప్రసిద్ధికెక్కెను. కాని ఆ విస్తృతి యంతయు 1940లో అమెరికాలోని లెడర్లీ సంస్థకు చేరిన పిమ్మటి మాట. అంతకు ముందు హార్వర్డులో ఆయన చేసిన పని చూపునకు మిక్కిలి చిన్నది: సైరస్ ఫిస్కేతో కలసి, రక్తము మొదలగువానిలోని ఫాస్ఫరస్‌ను పుట్టిన నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతి నొకదానిని 1925లో ప్రకటించుట. ఎవరు చేసినను ఒకే ఫలితమునిచ్చు పద్ధతి యగుటచేత అది దేశదేశముల ప్రయోగశాలలకు ప్రాకెను. విశేషమంతయు తరువాతి ఘట్టమున నున్నది. ఆ పద్ధతినే కండరములకు వర్తింపజేసినప్పుడు రంగు రావలసిన వేగమున రాలేదు. కొలత నమ్మరానిదైనచో చేతితప్పని త్రోసివేసియుందురు. తమ కొలతను తాము నమ్మగలిగిరి కనుకనే, ఆ యాలస్యము వెనుక తెలియని పదార్థ మేదియో యున్నదని గ్రహించి ఫాస్ఫోక్రియాటిన్‌ను వెలికితీయగలిగిరి. కొన్నాళ్లకే కండరములలో ఏటీపీని సైతము కనుగొనిరి.

గడియారమునకును సుబ్బారావుగారికిని భేదము ఇక్కడ కలదు. గడియారము తాను తప్పినప్పుడు ఎరుగదు. తన పనిలో ఏది నిశ్చయమో, ఏది సందేహమో తెలిసినవాడు మాత్రమే క్రొత్తదానిని గుర్తుపట్టును. అట్టివానికే క్రమముగా పెద్ద పనులు, పలురకముల పనులు అప్పగింతురు. ప్రజ్ఞావైశాల్యము నిష్ప్రయోజనమని నేననుట లేదు. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చినప్పుడు పాత పన్నుల పట్టికలే కంఠస్థమైన గుమాస్తాలు చిక్కులు పడిరి. పుస్తకలెక్కల మూలము గట్టిగా నెరిగినవారు త్వరలోనే సర్దుకొనిరి. వైశాల్యము నిలుకడనుండి పెరుగవలెను.

ఇక ఆచరణ. మాదిరిపరీక్షలు వ్రాయువారు తమ అత్యధిక మార్కును చెప్పుకొని మురియుట మాని, కనిష్ఠమును గుర్తుపెట్టుకొనవలెను. అసలు పరీక్షనాడు వచ్చునది ఏదియో ముందుగా తెలియదు గనుక, అడుగు ఎంత పైకి వచ్చినదో అదియే ప్రగతి. జవాబు గుర్తించునప్పుడే ప్రక్కన 'నిశ్చయము', 'ఊహ' అని వ్రాసికొని, నిశ్చయమనుకొన్నవానిలో తప్పులెన్నియో పిదప లెక్కించినచో, మార్కుల పట్టిక చెప్పని సంగతి తెలియును. రెజ్యూమేలో పదునాలుగు సాఫ్టువేరుల పేర్లు పేర్చినవానిని ఇంటర్వ్యూలో వానిలో బలహీనమైనదానిమీదనే ప్రశ్నించుట పరిపాటి. అర్ధరాత్రి లేపి యడిగినను చేయగల మూడింటినే యుంచుడు. తెలియనిదానిని తెలియదని తడబడక చెప్పుటయు ఆ నిలుకడలోని భాగమే. మీ రెజ్యూమేను నేడే యెదుట నుంచుకొని, పరులు చూడకపోయినను తప్పులేకుండ చేయగలమని చెప్పలేని పంక్తులను కొట్టివేయుడు.