ఇంటిని మారిస్తే ఊరు మారనక్కర్లేదు

తుంటి ఎముక విరిగిన 74 ఏళ్ల ఆవిడకు ఆపరేషన్ బాగానే జరుగుతుంది. ఫిజియోథెరపిస్టు వాకర్ పట్టించి నాలుగడుగులు వేయిస్తాడు. డిశ్చార్జి కాగితం మీద వాడాల్సిన మందులు, మళ్లీ రావాల్సిన తేదీ రాసిస్తారు. ఆ తర్వాత ఆవిడ తాను జారిపడిన బాత్రూమ్‌కే తిరిగి వెళ్తుంది. అదే నున్నటి టైలు, తట్టుకునే అదే గడప, రాత్రి రెండు గంటలప్పుడు మంచం దిగి నడవాల్సిన అదే చీకటి. ఆసుపత్రికీ ఆ బాత్రూమ్‌కీ మధ్య ఎవరైనా ఇంటికి వెళ్లి, చూసి, ఏం మార్చాలో చెప్పి, దగ్గరుండి మార్పించాలి. మన జిల్లా కేంద్రాల్లో ఆ పని చేసేవాళ్లు దాదాపుగా లేరు. ఇంటర్, ఐటీఐ, డిగ్రీ తర్వాత ఏం చేయాలా అని ఆలోచిస్తున్న మీకు నేను చూపించదలచుకున్నది ఈ ఖాళీనే.

ఈ ఖాళీ ఇంకా పెరుగుతుంది. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 60 దాటినవాళ్లు పది కోట్లకు పైగా ఉన్నారు. 2050 నాటికి ప్రతి అయిదుగురిలో ఒకరు ఆ వయసువాళ్లే ఉంటారని ఐక్యరాజ్య సమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా. తెలుగు రాష్ట్రాల్లో పిల్లల సంఖ్య ఇప్పటికే తగ్గిపోయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలే. ఆ పుట్టినవాళ్లలోనూ చాలామంది హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో స్థిరపడుతున్నారు. తెనాలిలో, భీమవరంలో, కరీంనగర్‌లో రెండంతస్తుల డాబాల్లో ఇద్దరేసి, ఒక్కొక్కరేసి పెద్దవాళ్లు మిగులుతున్నారు. కొడుకు రమ్మంటాడు. వెళ్తారు, రెండు నెలలుండి వచ్చేస్తారు. తమ గుడి, తమ కూరగాయల బండి, తమను పేరు పెట్టి పలకరించే వీధి వాళ్లకు కావాలి. అందులో తప్పేమీ లేదు. వాళ్ల కోరికకు ఇల్లు అడ్డం రాకుండా చూడటమే ఈ వృత్తి.

ముందు చూడటం, తర్వాతే కొలవడం

గ్రాబ్ బార్లు అమ్మేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. బార్ ఎక్కడ బిగించాలో చెప్పగలిగేవాళ్లు అరుదు. ఈ రంగంలో రాణించాలంటే ముందు అలవాటు చేసుకోవాల్సింది ఓపిగ్గా చూడటం. "మామ్మగారూ, ఒకసారి కాఫీ పెట్టుకుంటారా? మీరు రోజూ ఎలా పెట్టుకుంటారో అలాగే" అని అడిగి పక్కన నిలబడాలి. డికాక్షన్ గిన్నె కోసం పై అరకు చెయ్యి చాస్తే మడమలు లేస్తున్నాయా? సిలిండర్ వాల్వు తిప్పడానికి వంగి లేచాక ఒక క్షణం గట్టు పట్టుకుంటోందా? బాత్రూమ్‌లోకి వెళ్లేటప్పుడు ఆమె చెయ్యి దేన్ని పట్టుకుంటోందో గమనించండి. సాధారణంగా అది టవల్ రాడ్డు, కుళాయి, లేకపోతే తలుపు గొళ్లెం. అవేవీ మనిషి బరువు మోయడానికి చేసినవి కావు. ఆ చెయ్యి వెతుక్కునే చోటే బార్ రావాలి. కేటలాగ్ బొమ్మలో ఉన్న చోటు ఆమె చేతికి అందకపోవచ్చు.

చూసినదాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతులూ ఉన్నాయి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే ఆ మనిషికి పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. ఆస్ట్రేలియాలో రూపొందిన హోమ్‌ఫాస్ట్ అనే 25 అంశాల పట్టికతో ఇంట్లో ప్రమాదాలను గది గదికీ నమోదు చేయవచ్చు. ఇలాంటి మార్పుల వల్ల నిజంగా ఫలితం ఉందా అని అడిగేవాళ్లకు చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. ఇంట్లోని ప్రమాదాలను తొలగిస్తే పడిపోవడాలు సుమారు 26 శాతం, ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 38 శాతం తగ్గుతాయని 2023లో వెలువడిన కొక్రేన్ సమీక్ష తేల్చింది.

ఇక అసలు పని. ఇక్కడే వివరాలు తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా బయటపడుతుంది. బార్ మందం పిడికిలి పట్టేంత, అంటే నాలుగు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండాలి. గోడకూ బార్‌కూ మధ్య సందూ దాదాపు అంతే. సందు మరీ ఎక్కువైతే జారిన చెయ్యి అందులో ఇరుక్కుంటుంది. నూటపది కిలోల బరువు ఒక్కసారిగా పడినా ఊడకూడదు. మామూలు ఎర్ర ఇటుక గోడకు మంచి యాంకర్ బోల్టులు సరిపోవచ్చు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో వాడే తేలికపాటి ఏఏసీ బ్లాకుల్లో ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగిస్తే మొదటి నెల బాగానే ఉంటుంది, సరిగ్గా అవసరమైన రోజున ఊడివస్తుంది. అక్కడ రసాయన యాంకర్ గానీ, గోడకు అవతలి వైపు ప్లేటు వేసి బిగించే బోల్టు గానీ కావాలి.

ర్యాంపు సంగతి చూడండి. మన ప్రమాణాల ప్రకారం ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మన డాబాల అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తుందనుకుంటే ర్యాంపుకు 5.4 మీటర్లు, అంటే సుమారు 18 అడుగులు కావాలి. గేటుకూ గుమ్మానికీ మధ్య ఎనిమిది అడుగులే ఉన్న ఇంటికి ఎవరైనా ర్యాంపు వేశారంటే అది జారుడుబండ వేసినట్టే. చక్రాల కుర్చీ వాడనివారికి అలాంటి చోట మెట్ల ఎత్తు తగ్గించి, రెండు వైపులా చేతికొయ్యలు పెట్టి, ప్రతి మెట్టు అంచుకూ ముదురు రంగు పట్టీ వేయడం మేలు.

గడప విషయంలో ఎంతో మర్యాద కావాలి. సింహద్వారం గడపకు పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో దాన్ని తీసేయమనడం తగదు, అవసరమూ లేదు. దాన్ని అలాగే ఉంచి, పక్కన పట్టుకోవడానికి నిలువు బార్ పెట్టి, పైన లైటు వేస్తే సరిపోతుంది. పడకగది, బాత్రూమ్ గడపలకు మాత్రం చిన్న వాలు కట్టించాలి. బాత్రూమ్ తలుపు లోపలికి తెరుచుకుంటే, లోపల పడినవాళ్లు తలుపుకు అడ్డంగా ఉండి బయటివాళ్లు వెళ్లలేరు. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్చి, బయటి నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాలి. కమోడ్ సీటు నేల నుంచి 45-48 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. స్నానానికి పీట మీద కూర్చుని లేవలేని మనిషికి రబ్బరు కాళ్ల స్టూలు ఇచ్చి, బకెట్‌ను కూడా మరో చిన్న స్టూలు మీద పెడితే వంగే పనే ఉండదు. దీనికయ్యే ఖర్చు కొన్ని వందలు.

వెలుతురు చాలామంది పట్టించుకోరు. ఇరవై ఏళ్ల కంట్లో రెటీనాకు చేరే వెలుగులో మూడో వంతే అరవై ఏళ్ల కంటికి అందుతుంది. మంచం దగ్గర ఒక స్విచ్, బాత్రూమ్ బయట ఒక స్విచ్‌తో ఒకే లైటు వెలిగేలా టూవే వైరింగ్ చేసి, నేలకు దగ్గరగా ఒక చిన్న దీపం పెడితే రాత్రి భయం సగం పోతుంది.

ఎటు నుంచి రావచ్చు

అన్నింటికన్నా నేరుగా ఈ పనికి తీసుకెళ్లే చదువు ఆక్యుపేషనల్ థెరపీ. మనిషి రోజువారీ పనులు తనంతట తాను చేసుకునేలా చూడటమే ఈ శాస్త్రం లక్ష్యం. బైపీసీతో ఇంటర్ అయినవాళ్లు బీఓటీలో చేరవచ్చు. ఒడిశాలోని కటక్ దగ్గర ఓలత్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలోని లోకోమోటర్ డిజెబిలిటీస్ జాతీయ సంస్థ, వెల్లూరు సీఎంసీ, మణిపాల్ దీనికి పేరున్నవి. తెలుగు రాష్ట్రాల్లో ఈ కోర్సు ఉన్న కళాశాలలు బాగా తక్కువ. అందుకే మన పిల్లలు ఈ పేరు కూడా వినకుండా ఇంటర్ దాటేస్తున్నారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. ఈ వృత్తికి అఖిల భారత సంఘం 1952 నుంచే ఉంది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ ఈ కోర్సుల సిలబస్, ఇంటర్న్‌షిప్, ప్రవేశ నిబంధనలను మారుస్తోంది. కాబట్టి సీనియర్లు చెప్పినదాని కన్నా మీరు చేరే ఏడాది నోటిఫికేషన్‌నే నమ్మండి. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ గుర్తింపు ఉన్న కళాశాలనే ఎంచుకోవాలి. బ్రిటన్‌లో పనిచేయాలంటే హెచ్‌సీపీసీ నమోదు, అమెరికాలో ఎన్‌బీసీఓటీ పరీక్ష, ఆపై రాష్ట్ర లైసెన్సు కావాలి.

ఫిజియోథెరపీ చదివినవాళ్లకూ ఇది దగ్గరి రంగమే. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల బీపీటీ ఉంది. ఆర్కిటెక్చర్‌కు విజయవాడ ఎస్‌పీఏ, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. ఆర్కిటెక్చర్, ఇంటీరియర్ డిజైన్ విద్యార్థులు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలను శ్రద్ధగా చదవాలి. తలుపు వెడల్పు, ర్యాంపు వాలు, చేతికొయ్య ఎత్తు లాంటి కొలతలన్నీ అందులో ఉన్నాయి.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది మాత్రం ఐటీఐ పిల్లల మీద. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వడ్రంగి, తాపీ పని నేర్చినవాళ్లు ఈ అదనపు జ్ఞానం సంపాదిస్తే వాళ్లకు పోటీ ఇచ్చేవాళ్లు ఊళ్లో ఉండరు. గీజర్ ఉన్న బాత్రూమ్‌కు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఎందుకు ఉండాలో, ఏ గోడకు ఏ యాంకరో, తడిసినా జారని టైలు ఏదో వివరించి చెప్పగల ప్లంబర్‌ను ఒక కుటుంబం పిలిస్తే, ఆ వీధి మొత్తం పిలుస్తుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం రూపొందించిన కేపబుల్ అనే కార్యక్రమంలో నర్సు, ఆక్యుపేషనల్ థెరపిస్టుతో పాటు ఇంటి మరమ్మతులు చేసే పనివాడు కూడా జట్టులో సమాన సభ్యుడు. ముగ్గురూ కొన్ని నెలల పాటు ఒకే ఇంటికి వెళ్తారు. ఏం మార్చాలో ఆ ఇంట్లోని పెద్దవాళ్లే నిర్ణయిస్తారు. మన దగ్గరా ముగ్గురు స్నేహితులు కలిసి ఇలాంటి జట్టు కట్టవచ్చు. వృద్ధుల సంరక్షణలో కొత్త ఆలోచనలున్న సంస్థలకు పెట్టుబడి ఇవ్వడానికి కేంద్రం 2021లో సేజ్ అనే పథకాన్నీ మొదలుపెట్టింది.

డబ్బులిచ్చేది ఒకరు, ఉండేది ఒకరు

ఈ వృత్తిలో అతి పెద్ద చిక్కు ఇదే. ఫోన్ చేసేది న్యూజెర్సీలో ఉన్న కూతురు. డబ్బు పంపేది ఆవిడే. ఆ ఇంట్లో ఉండేది ఆవిడ తండ్రి. కూతురికి హాల్లో కెమెరా కావాలి, నాన్నగారికి వద్దు. ఆయన మేడ మీద గదిలోనే పడుకుంటానంటారు, ఆవిడ కిందికి దింపమంటుంది. ఇలాంటప్పుడు ఫోన్‌లో మాట్లాడినావిడకన్నా ఇంట్లో ఉన్నాయనే మీ క్లయింటు. ఆయన ఒప్పుకోని మార్పు నిలవదు. వాకర్ మీద తువ్వాళ్లు ఆరేసుకుంటారు, కమోడ్ కుర్చీ అటకెక్కుతుంది. ఆయనతో మెట్ల మీద ఒకసారి కలిసి నడిచి, రెండు వైపులా చేతికొయ్యలతో మేడ గది సాధ్యమేనా అని నిజాయితీగా చెప్పండి. సాధ్యం కాకపోతే అదీ ఆయనకే ముందు చెప్పండి.

సంపాదన విషయంలో నా గట్టి సలహా: ఇల్లు చూసి నివేదిక ఇచ్చినందుకు విడిగా ఫీజు తీసుకోండి. సామాను అమ్మకం మీద కమీషన్‌తో బతకాలనుకుంటే, అవసరం లేని లిఫ్టు కుర్చీ కూడా అవసరమైనట్టే కనిపిస్తుంది. పెద్దవాళ్లను భయపెట్టి అమ్మేవాళ్లు ఈ రంగంలోకి అప్పుడే వస్తున్నారు. మీరు అలా కాకూడదు.

ఫీజు ఇవ్వలేని ఇళ్లనూ మరచిపోవద్దు. ఇంగ్లండ్‌లో ఇంటి మార్పులకు 30,000 పౌండ్ల దాకా ప్రభుత్వ గ్రాంటు ఉంది. జపాన్‌లో 2000లో మొదలైన సంరక్షణ బీమా చేతికొయ్యలు, గడపల తొలగింపు లాంటి వాటికి రెండు లక్షల యెన్‌ల ఖర్చు వరకు వర్తిస్తుంది. 2017లో మన నెల్లూరు వేదికగా ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఇస్తుంది. ఆ కుర్చీ ఇంటికి వచ్చాక తలుపు ఇరుకైతే దాన్ని వెడల్పు చేయడం ఆ పథకం పని కాదు. సోషల్ వర్క్ చదివినవాళ్లు ఇక్కడ పట్టుకోవాల్సిన పని చాలా ఉంది. పథకాల దరఖాస్తులు, దాతలు, పురపాలక సంఘాలు, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567, వీటన్నిటినీ ఒక ఇంటితో కలపగల మనిషి ప్రతి పట్టణానికీ కావాలి.

కోర్సులో చేరేదాకా ఆగక్కర్లేదు. ఈ సెలవుల్లో ఒక టేపు, ఒక నోటుపుస్తకం తీసుకుని మీ తాతమ్మ గారింటికో, పక్కింటి పెద్దవాళ్లింటికో అడిగి వెళ్లండి. మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిని గీయండి. గడపల ఎత్తు, తలుపుల వెడల్పు, మెట్ల ఎత్తు, స్విచ్‌లు ఎక్కడున్నాయో రాయండి. వాళ్ల చెయ్యి దేన్ని పట్టుకుంటోందో, ఏ పని మానేశారో, ఎందుకు మానేశారో అడిగి రాయండి. వాళ్లు ఒప్పుకుంటే రెండు వేల రూపాయల లోపు అయ్యే మూడు మార్పులు చేయించి, నెల తర్వాత మళ్లీ వెళ్లి వాటిని వాడుతున్నారో లేదో చూడండి. వాడకపోతే కారణం రాయండి, అది వాడినదానికన్నా ఎక్కువ నేర్పుతుంది. ఇలా నాలుగైదు ఇళ్ల వివరాలు, పేర్లు లేకుండా, ఒక ఫైలుగా పెట్టుకోండి. బీఓటీ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో అయినా, ఆర్కిటెక్టు ఆఫీసులో అయినా, మీ మొదటి కస్టమర్ ముందు అయినా ముందుగా తెరిచి చూపించాల్సింది ఆ ఫైలునే.