అంగారకుడి మీద దారి తప్పిన కథ

చిరంజీవి చిన్నీకి,

'జాన్ కార్టర్' చూశానని, రెండు గంటలకు పైగా వృథా అయ్యాయని రాశావు. వృథా అనుకోకమ్మా. సైన్స్ ఫిక్షన్ కథ రాసుకుంటున్న నీకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. దీన్ని తీసినవాడు చేతకానివాడైతే నేనిలా చెప్పను. 'ఫైండింగ్ నీమో', 'వాల్-ఈ' తీసిన ఆండ్రూ స్టాంటన్, చిన్నప్పటి నుంచి ప్రేమించిన కథనే ఎంచుకున్నాడు. డిస్నీ 250 మిలియన్ డాలర్లకు పైగా పెట్టింది. 2012 మార్చి 9న సినిమా విడుదలైంది. ప్రపంచమంతా కలిపి వసూలైంది 284 మిలియన్లు. అందులో థియేటర్ల వాటా పోవాలి, ప్రచారం ఖర్చు రాబట్టుకోవాలి. పది రోజులు తిరిగేసరికి దాదాపు 200 మిలియన్ల నష్టం తప్పదని డిస్నీయే ప్రకటించింది. మరుసటి నెల స్టూడియో అధిపతి రిచ్ రాస్ రాజీనామా చేశాడు.

ఎందుకు పోయిందంటే తలా ఒక కారణం చెబుతారు. పేరులో 'మార్స్' తీసేశారు కాబట్టి అదేం సినిమానో జనానికి అర్థం కాలేదన్నారు. అది నిజమే. ఇంకో కారణమూ ఉంది. ఎడ్గర్ రైస్ బరోస్ ఈ కథను 1912లో ఒక పత్రికలో సీరియల్‌గా రాశాడు. ఆ తర్వాత 'స్టార్ వార్స్' నుంచి 'అవతార్' దాకా ఎన్నో సినిమాలు ఆ బావిలోనే నీళ్లు తోడుకున్నాయి. చివరికి అసలు కథ తెరకెక్కేసరికి, బరిలో తెల్ల కోతులతో హీరో పోరాడుతుంటే జనానికి అది ఎక్కడో చూసిన సీన్‌లా అనిపించింది. పాపం, వందేళ్ల ఆలస్యం! కానీ ఇవేవీ నీ చేతిలో ఉండే సంగతులు కావు. నీ చేతిలో ఉండేది స్క్రిప్టు. అసలు దెబ్బ అక్కడే తగిలింది.

మొదటి పావుగంట మళ్లీ చూడు, కాగితం పెన్ను పట్టుకుని. వాయిస్ ఓవర్ మొదలవుతుంది: ఈ గ్రహం అసలు పేరు బార్సూమ్, ఇది చచ్చిపోతోంది, జొడాంగా అనే నగరం దాన్ని పీల్చేస్తోంది, హీలియం అనే నగరం ఎదురు నిలుస్తోంది. వెంటనే గాలిలో ఓడల యుద్ధం. ఎవరు ఎవరినో చంపుతుంటారు. ముగ్గురు వింత మనుషులు దిగివచ్చి ఒకడికి నీలి వెలుగుల ఆయుధం ఇస్తారు. అంతలో 1881, న్యూయార్క్, వాన, టెలిగ్రాం, జాన్ కార్టర్ చావు కబురు. అక్కడి నుంచి డైరీ తెరిస్తే 1868, అరిజోనా. కథ మూడుసార్లు మొదలైంది, చిన్నీ. ఇన్ని పేర్లు చెవిన వేసుకున్నా, మనం ఎవరి కోసం కంగారు పడాలో ఎవరూ చెప్పలేదు.

బరోస్ నవలలో ఈ చిక్కు లేదు. అక్కడ కార్టరే తన కథ చెప్పుకుంటాడు. అంగారకుడి మీద కళ్లు తెరిచినప్పుడు అతనికి ఏమీ తెలియదు, మనకూ తెలియదు. అడుగు వేయబోతే గాల్లోకి ఎగిరిపోతాడు. అక్కడి గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదానిలో 38 శాతమే. ఈ సంగతి మనకు పాఠంలా వినపడదు, అతను పడి లేస్తుంటే కనపడుతుంది. సినిమాలో కూడా ఆ సీన్ చక్కగా ఉంది. కాకపోతే అప్పటికే మనం ఆ గ్రహాన్ని చూసేశాం, దాని రాజకీయాలు వినేశాం. అతని ఆశ్చర్యంలో పాలు పంచుకునే అవకాశం పోయింది.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఇదే స్టాంటన్ 'వాల్-ఈ'లో ఏం చేశాడో గుర్తు తెచ్చుకో. ఆ బుల్లి రోబో చెత్తలో దొరికిన వస్తువులు ఇంటికి తెచ్చి సర్దుకుంటుంటాడు. స్పూనూ ఫోర్కూ కలిసిపోయిన వస్తువొకటి చేతికొస్తుంది. ఫోర్కుల దగ్గర పెట్టబోతాడు, ఆగుతాడు. స్పూన్ల దగ్గర పెట్టబోతాడు, మళ్లీ ఆగుతాడు. చివరికి రెంటికీ మధ్యన పెడతాడు. ఒక్క మాట లేదు. మనుషులు వెళ్లిపోయిన భూమి, వాడి ఒంటరితనం, వాడి బుద్ధి అన్నీ తెలిసిపోయాయి. 'జాన్ కార్టర్' విడుదలకు కొద్దిరోజుల ముందు టెడ్ వేదిక మీద స్టాంటన్ చెప్పిందీ ఇదే: ప్రేక్షకుడికి నాలుగు అని చెప్పేయవద్దు, రెండూ రెండూ ఇచ్చి కూడుకోనివ్వాలని. అంత స్పష్టంగా తెలిసినవాడు కూడా, పెద్ద లోకం భుజాన పడేసరికి నాలుగూ ముందే చెప్పేశాడు.

సినిమా నడిమధ్యలో ఒక సీన్ ఉంది. దాన్ని ఎన్నిసార్లు చూసినా తప్పులేదు. హీలియం రాకుమారిని పంపించేసి, దండెత్తి వచ్చే గుంపుకు కార్టర్ ఒక్కడే ఎదురు నిలుస్తాడు. కత్తి వేటు ఒక షాటు, చనిపోయిన తన భార్యాబిడ్డల కోసం గొయ్యి తవ్వే పార ఇంకో షాటు. మాటలు లేవు, మైకేల్ జియాకినో సంగీతం ఒక్కటే. యుద్ధమంటే అతనికి ఎందుకంత విరక్తో, ఇప్పుడు ఎందుకు కత్తి పట్టాడో అక్కడ అర్థమవుతుంది. 'నీమో'లో తండ్రి చేప తన భార్యను పోగొట్టుకోవడం మొదటి నిమిషాల్లోనే చూస్తాం. అందుకే ఆ తర్వాత వాడి ప్రతి భయం మన భయమైంది. ఇక్కడ ఆ దుఃఖాన్ని అంతసేపు దాచి, గ్రహం చరిత్రను ముందు పెట్టారు.

మన సింగీతం శ్రీనివాసరావు గారు ఈ పొరపాటు చేయలేదు. 1991లో 'ఆదిత్య 369' తీసినప్పుడు, ముందు మన కాలపు మనుషులతో మనకు చనువు కలిగించి, తర్వాత వాళ్లతో పాటే రాయల కాలానికి తీసుకెళ్లారు. అది కూడా ఈ వారం చూడు.

ఇక నీ స్క్రిప్టు. మొదటి నాలుగు పేజీల్లో ఉన్న మూడు గ్రహాల చరిత్ర తీసి పక్కన పెట్టు. చింపేయకు, రాసేవాళ్లకు అదంతా తెలిసుండాలి. ఆరో పేజీలో ఆ పిల్ల నీళ్ల రేషన్ కార్డు తమ్ముడి చొక్కాలో దాచే సీన్ ఉంది కదా, అక్కడ మొదలుపెట్టు. ఆ కార్డు మీద ముద్ర ఎవరిదో ఆ పిల్లకు తెలిసేదాకా మనకూ చెప్పకు. 'మహాసభ' అనే మాట ముప్పయ్యో పేజీకి ముందు రాకూడదు. అలా తిరగరాసి మొదటి పది పేజీలు పంపించు. ఆదివారం ఫోన్ చేస్తే కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
మీ బాబాయ్