తురాయి పుట్టినిల్లు

ఏప్రిల్ నెల దాటగానే జడ్చర్ల బాటలవెంట తురాయి చెట్లు ఎర్రబడును. ఉర్దూ విద్యార్థులు దీనిని గుల్‌మొహర్ అందురు. గుల్ అనగా పువ్వు. మొహర్ అను మాటకు ముద్ర యనియు, బంగారు నాణెమనియు అర్థములు గలవు. రెండు భాషలలోను ఇంత చక్కని పేర్లు గల చెట్టును మనము మన నేలదే అనుకొందుము. కాని దీని పుట్టినిల్లు హిందూ మహాసముద్రములోని మడగాస్కరు ద్వీపము.

వృక్షశాస్త్రమున దీని ప్రజాతి పేరు డెలోనిక్స్. గ్రీకు భాషలో ‘స్పష్టమైన గోరు’ అని అర్థము. పూరేకు అడుగుభాగము సన్నని గోరువలె సాగియుండుటచే ఆ పేరు వచ్చినది. ఒక పువ్వును విప్పి చూడుడు: ఐదు రేకులలో నాలుగు ఎర్రనివి, ఐదవదానిపై తెలుపు, పసుపు చారలుండును.

ఇది చిన్న ప్రజాతి. పదిపన్నెండు జాతులే గలవు. వానిలో అధికభాగము మడగాస్కరులోనే పుట్టినవి. ఆ ద్వీపపు పడమటి, దక్షిణ భాగములు మన పాలమూరువలె వాన తక్కువ గల ప్రాంతములు. అచ్చట కొన్ని జాతుల మ్రాను సీసావలె ఉబ్బి నీటిని దాచుకొనును. తురాయికి ఆ విద్య లేదు. ఎండలు ముదిరినపుడు ఆకు రాల్చి ప్రాణము నిలుపుకొనును. మన నేలలో ఇది సులువుగా కుదురుకొనుటకు ఈ పాత అలవాటే కారణమని మా అభిప్రాయము.

వెన్సెస్లాస్ బోయర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దీనిని మడగాస్కరులో చూచెను. 1829లో శాస్త్రీయ వర్ణన వెలువడెను. పిమ్మట ఇది ఉష్ణదేశముల తోటలన్నిటికి ప్రాకినది. విచిత్రమేమనగా, ఇన్ని దేశముల వీథులలో నిలిచిన చెట్టుకు పుట్టినచోట అడవి కరవగుచున్నది. బొగ్గు కాల్చుటకు, సాగుకు అచ్చటి పొడి అడవులను నరికివేయుచున్నారు.

ఈ ప్రజాతిలో తూర్పు ఆఫ్రికా, అరేబియాలలో సహజముగా పెరుగు జాతి యొకటి కలదు. అదియే మనవారి వాతనారాయణ, తెల్ల తురాయి. సాయంకాలము తెల్లగా విచ్చిన పువ్వు మరునాటికి పసుపుబారును. ఆకు పొలమునకు పచ్చిరొట్ట ఎరువు. పల్లె వైద్యములో కీళ్లనొప్పులకు పట్టు. ఇన్ని ఉపయోగములుండియు, ఎర్రని అక్కముందు ఈ చెల్లెలిని ఎవరును లెక్కచేయరు!

కళాశాల ఆవరణలో మొక్కలు నాటునపుడు ఎర్రదాని ప్రక్కన తెల్లదానికిని చోటీయవలెనని కమిటీవారికి మనవి చేయుచున్నాము. ఎర్ర తురాయి కొమ్మలు పెళుసు, గాలివానకు విరుగును. కనుక తరగతి గదులకు, కరెంటు తీగలకు దూరముగా నాటవలెను. గింజల పెంకు గట్టిది. వేడినీటిలో ఒక రాత్రి నానబెట్టి విత్తినచో త్వరగా మొలచును.